రెక్కలు తెరిచేవాళ్లు

పుదుచ్చేరిలో గోల్కోండ్ భవనాన్ని చూడడానికి అనుమతి తీసుకుని వెళ్లినప్పుడు, గేటు దాటగానే ఒక పెద్దావిడ నన్ను కాసేపు ఆగమన్నారు. నడవాలో ఒకతను కిటికీ రెక్కలు తుడుస్తున్నాడు. కిటికీ అని అలవాటు కొద్దీ అంటున్నాను. భవనం పొడవునా, నేల దగ్గర్నుంచి కప్పు దాకా అడ్డంగా పేర్చిన సిమెంటు రెక్కలే తప్ప అక్కడ విడిగా గోడ అనీ కిటికీ అనీ చెప్పడానికి ఏమీ లేదు. పిడి తిప్పితే ఒక వరుస మొత్తం తెరుచుకుంటుంది, వెనక్కి తిప్పితే మూసుకుంటుంది. అతను ఒక రెక్క పైవైపు తుడిచి, అడుగువైపు తుడిచి, గుడ్డ పిండుకుని తర్వాతి రెక్కకు వెళ్తున్నాడు. తొందరా లేదు, విసుగూ లేదు. ఆ వరుస అయ్యేదాకా పెద్దావిడ నన్ను కదలనివ్వలేదు.

ఆవిడది గోదావరి జిల్లా. చిన్నతనంలోనే తల్లిదండ్రులతో ఇక్కడి అరవిందాశ్రమానికి వచ్చి ఉండిపోయారట. నాతో తెలుగులోనే మాట్లాడారు. వచ్చిన పని చెప్పాను. మన దేశంలో ఆధునిక వాస్తుశిల్పం అనగానే అందరూ చండీగఢ్ పేరే చెబుతారనీ, అంతకు దాదాపు పదిహేనేళ్ల ముందే రూపం దిద్దుకున్న ఈ కట్టడం సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదనీ, దీన్ని కట్టినవాళ్ల గురించి నాలుగు మాటలు రాయాలని ఉందనీ అన్నాను. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"మీ ఊళ్లో ఆ కాలంనాటి కట్టడాలు ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయండీ. ఇంత పాతవి కావు గానీ, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కట్టినవి ఉన్నాయి."

"వాటిని ఎవరు చూసుకుంటున్నారు?"

ఎవరు కట్టారని అడిగి ఉంటే తెలిసినంత చెప్పేవాణ్ణి. ఎవరు చూసుకుంటున్నారన్న ప్రశ్నకు నా దగ్గర పేర్లు లేవు. లేవనే చెప్పాను. ఆవిడ తల ఊపి, ఇక పదండి అన్నట్టు ముందు నడిచారు. ఆ ప్రశ్న మాత్రం నా వెంట ఊరికి వచ్చింది. ఒక కట్టడాన్ని గౌరవించడమంటే ఏమిటి? దాన్ని గీసిన మనిషి పేరు గుర్తుపెట్టుకోవడమా, అతను గీసిన రెక్కను రోజూ తెరిచి మూయడమా? ఈ రెండూ ఒకటే అయి ఉంటే నేను ఇంతగా ఆలోచించే పని ఉండేది కాదు.

ముందు ఆ కట్టడం కథ చెప్పాలి. ఆ కథలో మనకూ కొంత వాటా ఉంది.

1930ల్లో అరవిందాశ్రమంలో సాధకుల సంఖ్య పెరుగుతుండగా, వారికి ఒక వసతి గృహం కట్టాలని ఆశ్రమ బాధ్యతలు చూస్తున్న శ్రీమాత సంకల్పించారు. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం వచ్చింది. ఆ కృతజ్ఞత కొద్దీ మన గోల్కొండ పేరు ఫ్రెంచి ఉచ్చారణతో ఆ ఇంటికి స్థిరపడింది. ఆశ్రమంలో పవిత్ర అనే పేరుతో ఉన్న ఫ్రెంచి ఇంజనీరు ఫిలిప్ బార్బియే సెంటిలేర్ అంతకు ముందు జపానులో కొంతకాలం గడిపారు. అక్కడ ఆయనకు పరిచయమైన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్. పని ఆయనకు అప్పగించారు.

రేమండ్ 1888లో బొహీమియాలోని క్లాద్నోలో పుట్టి, అమెరికా వెళ్లి, ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పనిచేశారు. టోక్యోలో రైట్ తలపెట్టిన ఇంపీరియల్ హోటల్ పని మీద 1919లో జపాను చేరి, కొన్నాళ్లకు ఆయన నుంచి విడిపోయి సొంత కార్యాలయం పెట్టుకున్నారు. 1923 భూకంపం తర్వాత కాంక్రీటుతో తన కోసం కట్టుకున్న ఇల్లు ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడ చూసినా అరుదైన ప్రయత్నం. జపాను వడ్రంగుల పనితనాన్నీ కొత్త కాంక్రీటునూ కలిపి ఆలోచించడం ఆయనకు అక్కడే అలవడింది. గోల్కోండ్ నక్షాలు టోక్యో కార్యాలయంలో తయారయ్యాయి. వాటిని పుదుచ్చేరి ఎండలో నిలబెట్టడానికి ఇద్దరు యువకులు వచ్చారు. ఒకరు జార్జ్ నకషిమా, జపాను తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టినవాడు. రెండో ఆయన ఫ్రాంటిషెక్ సమ్మెర్. పిల్జెన్ నగరానికి చెందిన చెక్ దేశస్థుడు, పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేసి, మాస్కో మీదుగా ఇటు వచ్చినవాడు. 1937లో పని మొదలైంది. 1938లో రేమండ్ భార్య నొయెమీతో, కొడుకుతో వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లారు. పూర్తయ్యే సరికి 1940లు వచ్చేశాయి.

నెలల్లో అవుతుందనుకున్న పని ఏళ్లు పట్టింది. కట్టిన చేతులలో చాలా భాగం సాధకులవి. వాళ్లలో అంతకు ముందు తాపీ పట్టినవాళ్లు, సెంట్రింగు పని తెలిసినవాళ్లు తక్కువ. భక్తులిచ్చిన ఇత్తడి పాత్రలను అక్కడే కరిగించి, రెక్కలు తిప్పే పిడులూ తలుపుల సామగ్రీ పోతపోశారు. ఏ ఇంటి వంటగదిలోని చెంబో ఒక పిడిగా మారి, ఈ రోజుకూ ఎవరి చేతిలోనో తిరుగుతోంది. వస్తువుకు కూడా ఒక చైతన్యం ఉంటుందనీ, దాన్ని నిర్లక్ష్యంగా వాడడం తగదనీ శ్రీమాత భావన; అరవిందులు గోల్కోండ్ నియమాలను సమర్థిస్తూ రాసిన ఉత్తరంలో ఈ విషయాన్నే వివరించారు. ఆ నమ్మకంలో మనం పాలుపంచుకోవచ్చు, పంచుకోకపోవచ్చు. దాని ఫలితాన్ని మాత్రం చేత్తో ముట్టుకుని చూడవచ్చు. లోపలి గోడలకు చెట్టినాడు పద్ధతిలో గవ్వసున్నం పూత పూశారు. నేలంతా మన కడప బండలు. ఎనభై ఏళ్లుగా అరికాళ్లు తగిలి తగిలి వాటికి వచ్చిన నునుపు ఏ పాలిషు యంత్రమూ తేలేదు. ఒక తెలుగువాడిగా ఆ బండ మీద చెప్పులు విప్పి నిలబడినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను.

ఇక ఎండతో ఆ ఇల్లు ఎలా వ్యవహరిస్తుందో చెప్పాలి. పుదుచ్చేరి భూమధ్యరేఖకు దగ్గర. ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణాన ఉంటాడు, ఏప్రిల్ చివరి నుంచి కొన్ని నెలలు నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. ఉక్క ఎప్పుడూ ఉంటుంది. అలాంటిచోట చల్లదనమంటే ఒంటికి గాలి తగలడమే. అందుకని రేమండ్ భవనాన్ని తూర్పు పడమరలుగా పొడుగ్గా సాగదీసి, విశాలమైన ముఖాలను ఉత్తర దక్షిణాలకు తిప్పారు. ఉత్తరాన నడవా, దక్షిణాన వరసగా గదులు. రెండు ముఖాల మీదా పూర్తిగా రెక్కలే. గదికీ నడవాకూ మధ్య టేకు పట్టీలు అటొకటి ఇటొకటిగా అమర్చిన జరిపే తలుపులు ఉంటాయి. గాలి దూరుతుంది, చూపు దూరదు. కప్పు మీద కాంక్రీటు స్లాబుకు పైన విడిగా పోతపోసిన వంపు పెంకులు పరచి, మధ్యలో గాలి ఆడేందుకు సందు వదిలారు. ఎండ పెంకును కాలుస్తుంది గానీ స్లాబును నేరుగా తాకదు. ఆ ముఖాలకు ఎక్కడా గాజు వాడలేదు. ఫ్యాను అక్కర్లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను ఆ నడవాలో నిలబడి తెలుసుకున్నాను.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. ఆ రెక్కలు ఆస్బెస్టాస్ కలిపిన సిమెంటువి. అప్పటికి అది కొత్తగా వచ్చిన మంచి సరుకు. దాని ధూళి ఊపిరితిత్తులకు ఎంత హానికరమో లోకానికి తెలిసేందుకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. గొప్ప కట్టడంలో కూడా ఆ కాలపు అజ్ఞానం కొంత కలిసే ఉంటుంది. దాన్ని వేరుచేసి మెచ్చుకోవడం మన చేతిలో లేదు.

అక్కడి నుంచి వచ్చాక ఆ ముగ్గురి జీవితాలూ వెతికి చదివాను. చదివేకొద్దీ నా మొదటి ఉత్సాహం నిలకడ కోల్పోయింది.

నకషిమా కథ మనసును కరిగిస్తుంది. ఆశ్రమ జీవితం ఆయన్ను ఎంతగా పట్టుకుందంటే, జీతం వద్దని సాధకుడిగా చేరిపోయాడు. సుందరానంద అని పేరు పెట్టించుకున్నాడు. 1939లో వెళ్లిపోయాడు. యుద్ధం వచ్చింది. అమెరికా ప్రభుత్వం జపాను మూలాలున్న తన సొంత పౌరులనే నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, భార్యనూ నెలల పసిబిడ్డనూ వెంటబెట్టుకుని ఐడహోలోని మినిడోకా శిబిరానికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ జపాను సంప్రదాయంలో తేలిన ఒక వడ్రంగి దగ్గర చెక్కపని నేర్చుకున్నాడు. 1943లో ఆయనకు పూచీపడి బయటికి రప్పించి, పెన్సిల్వేనియాలోని తన పొలంలో నీడ ఇచ్చింది రేమండే. తర్వాతి కాలంలో నకషిమా బల్లలకూ కుర్చీలకూ ప్రపంచమంతా పేరు వచ్చింది. ఆ పేరు వెనక పుదుచ్చేరి నడవా ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

రేమండ్ కథ అంత సులువుగా మింగుడు పడదు. నకషిమాకు నీడ ఇచ్చిన ఆ 1943లోనే ఆయన అమెరికా సైన్యానికి ఒక పని చేసి పెట్టారు. యూటా ఎడారిలో, డగ్‌వే అనేచోట, జపాను కార్మికులు నివసించే ఇళ్లకు నకళ్లు కట్టారు. ఏ కలప, ఏ మందం, నేల మీద ఎలాంటి గడ్డిచాప, గదిలో ఏ సామాను అన్నీ అచ్చం అలాగే. ఆ ఇళ్ల మీద నాపామ్ నింపిన బాంబులు వేసి, ఎలా అంటుకుంటాయో, ఆర్పడానికి ఎంత కష్టమో పరీక్షించి, మళ్లీ కట్టి, మళ్లీ కాల్చారు. 1945 మార్చిలో ఒక్క రాత్రి టోక్యోలో అలాంటి ఇళ్లు కాలి, సుమారు లక్షమంది చనిపోయారని అంచనా. జపాను వడ్రంగిని ప్రేమించి, ఏళ్ల తరబడి వాళ్ల ఇంటి అతుకులను అధ్యయనం చేసి సంపాదించిన జ్ఞానం ఆ పనికి ఉపయోగపడింది. అది తనకూ భార్యకూ సులువైన పని కాదనీ, యుద్ధం త్వరగా ముగియాలంటే ఆ దారే ఉందనుకున్నామనీ రేమండ్ ఆత్మకథలో రాసుకున్నారు. యుద్ధం అయ్యాక మళ్లీ జపాను వెళ్లి, కాలిన నగరంలో కొత్త కట్టడాలు కట్టారు.

ఈ భాగం చదివిన రాత్రి నేను రాయదలచుకున్న వ్యాసం ఆగిపోయింది. విస్మృతుడైన ఒక మహాశిల్పిని లోకం ముందు నిలబెడదామని బయలుదేరాను. ఇప్పుడు ఆ మనిషిని ఎలా నిలబెట్టాలి? గాలి ఎటు నుంచి వస్తుందో, ఏ సందులోంచి దూరుతుందో తెలిసిన చెయ్యే నిప్పు ఏ సందులోంచి పాకుతుందో కూడా లెక్క కట్టింది. ఒక ఇంటిని ఇల్లుగా చేసే వివరాలన్నీ తెలిసిన మనిషే ఆ వివరాలను మరొకరికి అప్పగించాడు. ఆయన్ను తీర్పు తీర్చే స్థానంలో నేను లేను. ఆ యుద్ధంలో ఎవరు ఏ ఒత్తిడిలో ఏం చేశారో నాకు తెలిసింది కొంతే. అయినా నకషిమాను పొలానికి తెచ్చిన మనిషినీ, డగ్‌వేలో గడ్డిచాపలు పరిపించిన మనిషినీ రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకు దండ వేయడం నా వల్ల కాలేదు.

అప్పుడే ఆ పెద్దావిడ అడిగిన మాట నాకు మరో వైపు నుంచి అర్థం కావడం మొదలైంది. కట్టడాన్ని దాన్ని గీసిన వ్యక్తి గుణగణాలకు ముడివేసి ప్రేమించాలనుకుంటే, ఆ వ్యక్తి తూలినప్పుడల్లా కట్టడమూ తూలుతుంది. గోల్కోండ్ మాత్రం తూలలేదు. రేమండ్ ఉన్నది కొన్ని నెలలే. ఆయన తర్వాత పని నడిపించిన సమ్మెర్ కూడా యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి వెళ్లిపోయాడు. తర్వాత తన దేశం తిరిగి వెళ్లి పిల్జెన్ నగర పునర్నిర్మాణంలో పనిచేశాడు. చరిత్ర పుస్తకాల్లో అతని పేరు వెతికి పట్టుకోవాలి. ముగ్గురూ వెళ్లిపోయాక మిగిలింది ఆ ఇల్లూ, రోజూ దాన్ని తుడిచే చేతులూ. ఉప్పు గాలి తగిలే ఊళ్లో కాంక్రీటు ఎంతో కాలం ఓర్చుకోదు; ఉప్పు లోపలికి ఇంకి, ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, పైన పెచ్చులూడిపోతుంది. మన తీరం ఊళ్లలో ముప్పై ఏళ్లకే బాల్కనీలు ఎలా అవుతాయో మనం చూస్తూనే ఉన్నాం. ఇది అన్ని దశాబ్దాలు దాటి నిలబడిందంటే ఆ నిలకడలో ఎక్కువ భాగం పేరు లేని వాళ్లది.

నా ఆలోచన ఇక్కడ మా నాన్న పనిచేసిన కార్యాలయం దగ్గరకు వెళ్లింది. జిల్లా కేంద్రంలో, 1960ల్లో కట్టిన రెండంతస్తుల ప్రభుత్వ భవనం. ఒక పక్కన పొడుగాటి వరండా, వరండాకు నిలువెత్తు సిమెంటు జాలీ, గదుల రెండో వైపు లోతైన సన్‌షేడ్లు, కిటికీల పైన వెంటిలేటర్లు. చిన్నప్పుడు నాన్నకు క్యారేజీ తీసుకెళ్లినప్పుడు ఆ జాలీ నీడ నేల మీద గళ్లుగళ్లుగా పరుచుకుని ఉండేది. నాన్న బల్ల మీద కాగితాలు ఎగరకుండా గాజు బరువులు ఉండేవి. గాలి అంత ధారాళంగా ఆడేదన్నమాట. పొద్దున్నే వచ్చి కిటికీలన్నీ తెరవడం, సాయంత్రం వానొచ్చేలా ఉంటే ముందుగానే వెంటిలేటర్లు దించడం, వారానికోసారి జాలీలో పేరుకున్న దుమ్ము చీపురుపుల్లతో దులపడం అక్కడి అటెండరు పని. మేమంతా ఆయన్ను మావయ్యగారనే పిలిచేవాళ్లం. ఆ భవనాన్ని గీసిన ఇంజనీరు ఎవరో నాన్నకూ తెలియదు. ముఖద్వారం పక్కన శిలాఫలకం మీద మంత్రిగారి పేరు ఉంది, తేదీ ఉంది. గీసినవాడి పేరు లేదు.

మావయ్యగారు రిటైరయ్యాక ఆ పని ఎవరికీ రాలేదు. కిటికీలు తెరవడం ఎవరి ఉద్యోగంలోనూ లేకుండా పోయింది. పావురాలు వస్తున్నాయని ఒక వైపు జాలీకి ప్లైవుడ్ కొట్టారు. ఫైళ్లు పెట్టుకోవడానికి చోటు చాలక వరండాను ఇటుకతో మూసి గదులుగా చేశారు. ఏసీలు వచ్చాక కిటికీల్లో అల్యూమినియం చట్రం, గాజు. సన్‌షేడ్ మీద ఏసీ డబ్బాల నీరు కారి, పాచిపట్టి, చువ్వలు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ భవనంలో కరెంటు పోతే పది నిమిషాలు కూర్చోలేరు. పాత కొంప, ఊపిరాడదు, పడగొట్టి కొత్తది కట్టాలి అంటున్నారు అందులో పనిచేసేవాళ్లు. వాళ్లు చెప్పేది వాళ్ల అనుభవం, అబద్ధం కాదు. ఊపిరాడని మాట నిజమే. ఆ ఇంటి ముక్కు మూసింది ఎవరన్నదే ఎవరూ అడగరు.

వేడి దేశాల్లో పనిచేసిన ఆధునికులు మన ముందుంచిన బేరం ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. యంత్రం లేకుండా చల్లగా ఉంచుతాం, దానికి బదులుగా మీ చేతులు కావాలి. పొద్దున తెరవాలి, ఎండెక్కితే కాస్త వాల్చాలి, జల్లు కొడితే మూయాలి. వాళ్లు వదిలి వెళ్లింది రోజూ మన చేతుల్లో పూర్తి కావాల్సిన పని. మనం ఆ బేరంలో మన వంతు ఎప్పుడు మానుకున్నామో మనకే తెలియదు. వాళ్ల పేర్లు మరిచిపోవడానికి ముందే వాళ్ల కిటికీలు మూసేశాం.

అలాగని పేర్లు అక్కర్లేదని చెప్పలేకపోతున్నాను. ఆ మాట అనేసి తేలికపడదామనుకున్నప్పుడల్లా ఢిల్లీ గుర్తొస్తుంది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో ప్రగతి మైదానంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం హాల్ ఆఫ్ నేషన్స్ కట్టారు. వాస్తుశిల్పి రాజ్ రేవల్, నిర్మాణ ఇంజనీరు మహేంద్ర రాజ్. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 70 మీటర్లకు పైగా పరుచుకున్న కప్పు. మరోచోటైతే ఉక్కు గొట్టాలతో కట్టే త్రికోణాల వల అది. మన దగ్గర అంత ఉక్కు పెట్టే స్తోమత లేదు, కూలీలూ వడ్రంగులూ ఉన్నారు. అందుకని ఆ వలనంతా కాంక్రీటుతో, అక్కడికక్కడే, చేతి పనితో పోశారు. పేదరికంలోంచి పుట్టిన అంత ధీమా గల కట్టడం నాకు మరొకటి తెలియదు. దాన్ని కాపాడమని వాస్తుశిల్పులు కోర్టుకు వెళ్లారు, విదేశాల నుంచి మ్యూజియంల వాళ్లు విజ్ఞప్తులు పంపారు. వారసత్వ కట్టడంగా పరిశీలించాలంటే 60 ఏళ్లు నిండాలన్న కొలమానం అడ్డుపెట్టారు. దానికి 45 ఏళ్లే. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి పడగొట్టారు. గీసినవారూ లెక్క కట్టినవారూ ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారు. అయిదేళ్ల తర్వాత న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దక్షిణాసియా వాస్తుశిల్పం మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు, కూల్చేసిన ఆ హాలుకు అందులో గౌరవ స్థానం దక్కింది. మహేంద్ర రాజ్ ఆ ఏడాదే కన్నుమూశారు.

ఆ హాలు పేరు తెలిసినవాళ్లు వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రమే. ప్రదర్శనలకు వెళ్లి, దాని కింద నిలబడి పల్లీలు తిన్న లక్షలమందిలో అది ఎవరి ఊహో, ఎలా పోశారో చెప్పగలిగినవాళ్లు ఎందరు? అది మనదని వాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ రాత్రి అడ్డు నిలిచే గొంతులు ఇంకొన్ని ఉండేవేమో. చూసుకునే చెయ్యి ఉన్నంత కాలం పేరు లేకపోయినా గడుస్తుంది. ఆ చెయ్యి దూరమైన రోజున, లేదా ఆ నేల ధర ఇంటి ధరను దాటిన రోజున, పిలిచి సాక్ష్యం చెప్పించడానికి ఒక పేరూ ఒక కథా కావాలి. గోల్కోండ్‌కు చేతులు దొరికాయి. హాల్ ఆఫ్ నేషన్స్‌కు పేరు కొంత దొరికింది, చేతులు దొరకలేదు. మా నాన్న కార్యాలయానికి రెండూ లేవు.

హైదరాబాదులో రవీంద్రభారతికి మనం ఎన్నిసార్లు వెళ్లి ఉంటాం? నాటకాలకు, సభలకు, సన్మానాలకు. 1961లో ప్రారంభమైన ఆ భవనాన్ని రూపొందించిన మహమ్మద్ ఫయాజుద్దీన్ పేరు ఆ వేదిక మీద ఎన్నిసార్లు విన్నాం? హైదరాబాదు నగర ప్రణాళికలోనూ ఆయన పాత్ర పెద్దది. వేదిక ఎక్కిన ప్రతి కళాకారుడికీ శాలువా కప్పుతాం, ఆ గొంతు చివరి వరుస దాకా వినబడేలా హాలు మలిచిన మనిషిని తలచుకోం. ఇది ఒకరి మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. నేనూ ఆ కుర్చీల్లో కూర్చున్నవాణ్ణే. మన ఊళ్లలో 1950ల్లో, 60ల్లో లేచిన కాలేజీలు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు, బస్ స్టేషన్లు చాలావరకు ప్రజాపనుల శాఖ గదుల్లో కూర్చున్న ఇంజనీర్లూ వాస్తుశిల్పులూ గీసినవి. వాళ్లు ప్రపంచంలో ఏం జరుగుతోందో పత్రికల్లో చూశారు, మన ఎండ ఎలా ఉంటుందో ఒంటితో ఎరుగుదురు. ఆ రెండింటినీ కలిపి, ఉన్న కొద్ది సిమెంటులో, ఒక సన్‌షేడ్ వంపులోనో మెట్ల మలుపులోనో తమ ఊహను పెట్టి వెళ్లారు. అవన్నీ గొప్పవని నేను అనను. కొన్ని మామూలువి, కొన్ని కట్టిన రోజునుంచే కారినవి. ఏది గొప్పదో తేల్చుకోవాలన్నా ముందు మూసిన జాలీ విప్పి ఒక వేసవి చూడాలి కదా.

వ్యాసం నేను మొదట అనుకున్నట్టు రాలేదు. దానికి బదులు ఈ మధ్య ఒక పని పెట్టుకున్నాను. నాన్న కార్యాలయం కట్టినప్పుడు సెంట్రింగు పనిలో కుర్రవాడిగా చేరిన ఒక మేస్త్రీ మా ఊరి అంచున కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసింది. అప్పుడప్పుడు వెళ్లి కూర్చుంటున్నాను. నక్షా తెచ్చిన ఇంజనీరు సన్నగా ఉండేవాడనీ, ఎండలో టోపీ లేకుండా తిరిగేవాడనీ, జాలీ దిమ్మెలు పోసే చెక్క అచ్చు తనే దగ్గరుండి చేయించాడనీ, మొదటి దిమ్మె పగిలితే కోప్పడకుండా ఇసుక పాళ్లు మార్చి మళ్లీ పోయించాడనీ చెప్పాడు. పేరు గుర్తు రాలేదు. ఇంటిపేరు వేమూరి కాని వేమవరం కాని అయి ఉండాలన్నాడు, ఆలోచించి అదీ కాదేమో అన్నాడు. నేను రెండూ రాసుకున్నాను. మెట్ల మీది వంపు కప్పుకు పలకలు ఎలా వంచారో, కింద ఎన్ని బాదులు నిలబెట్టారో అడిగితే, అది మాటల్లో చెప్పేది కాదు, అక్కడికి తీసుకెళితే చూపిస్తానన్నాడు. లోపలికి వెళ్లడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. వరండా వైపు ప్లైవుడ్ ఒక్క రోజు తీయించమని కూడా అందులో రాశాను.